యూరప్ బార్లీ: సాగు, నాణ్యత, వ్యాపారం – తరచుగా అడిగే ప్రశ్నలు

బార్లీ అని ఒకే పేరుతో పిలిచినా యూరప్ మార్కెట్లో తిరిగేవి రెండు సరుకులు. ఒకటి పశువుల దాణాకు వెళ్లేది, రెండోది మాల్ట్‌గా (నానబెట్టి, మొలకెత్తించి, వేడితో ఆరబెట్టిన గింజగా) మారి బీరుకో విస్కీకో వెళ్లేది. రెండూ ఒకే పొలంలో, ఒకే విత్తనంతో పండొచ్చు. ఏ లారీ ఎటు వెళ్తుందో చాలాసార్లు కోత అయ్యాక, మాల్ట్ కర్మాగారం గేటు దగ్గర నమూనా తీసినప్పుడు గానీ తేలదు. కింది ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ గేటు చుట్టూ తిరిగేవే.

యూరప్‌లో బార్లీ ఎక్కువగా పండించే దేశాలు ఏవి?

ఒక్క దేశంగా చూస్తే రష్యాదే పెద్ద పంట, ఏడాదికి సుమారు 1.7 నుంచి 2.1 కోట్ల టన్నులు. యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ కలిస్తే 5 కోట్ల టన్నుల దగ్గర ఉంటాయి. అందులో ఫ్రాన్స్, జర్మనీ చెరో కోటి టన్నుల అటూ ఇటూ పండిస్తాయి. బ్రిటన్ దాదాపు 70 లక్షల టన్నులు, డెన్మార్క్ మంచి ఏడాదిలో 35–40 లక్షల టన్నులు. విస్తీర్ణంలో మాత్రం యూనియన్‌లో స్పెయిన్ ముందుంది. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు 80–90 లక్షల టన్నుల స్థాయిలో ఉండేది, ఆ తర్వాత బాగా తగ్గింది.

టన్నులు చూసి వ్యాపారంలో బలాన్ని అంచనా వేస్తే పొరపాటే. జర్మనీ పంటలో ఎక్కువ భాగం దేశంలోని పందులు, పశువుల దాణాకే పోతుంది. బీరుకు పేరుపడ్డ దేశమైనా మాల్ట్ బార్లీని ఫ్రాన్స్, డెన్మార్క్‌ల నుంచి కొనుక్కుంటుంది. మాల్ట్ బార్లీ ఎగుమతిలో గట్టి దేశం ఫ్రాన్స్.

శీతాకాలపు బార్లీ, వసంతకాలపు బార్లీ: తేడా ఏమిటి?

శీతాకాలపు రకాన్ని సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య వరకు విత్తుతారు. చలికాలమంతా పొలంలోనే ఉంటుంది. కొన్ని వారాలు చలి తగిలితేనే అది కంకి వేస్తుంది. ఉత్తర ఫ్రాన్స్‌లో జూన్ చివర, జులై మొదట్లో కోతకు వస్తుంది, అంటే గోధుమ కంటే ముందు. పొలం త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి ఆగస్టులో ఆవాల జాతి నూనెగింజ వేసుకునే రైతుకు ఇది చాలా అనుకూలం.

వసంతకాలపు రకానికి ఆ చలి అక్కర్లేదు. ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లలో ఫిబ్రవరి, మార్చిల్లో, డెన్మార్క్‌లో మార్చి, ఏప్రిల్‌లలో, ఫిన్లండ్‌లో మే నెలలో విత్తుతారు. దిగుబడి హెక్టారుకు ఒకటి రెండు టన్నులు తక్కువ, కానీ మాల్ట్ కర్మాగారాలు ఎక్కువగా అడిగేది దీన్నే. ఇంగ్లండ్‌లో దీనికి ఇంకో ఉపయోగం ఉంది. శరదృతువులో మొలిచే బ్లాక్‌గ్రాస్ కలుపు మందులకు లొంగడం మానేసింది. వసంతంలో విత్తితే, ఆ లోపు మొలిచిన కలుపునంతా దుక్కికి ముందే చంపేయొచ్చు.

శీతాకాలపు రకానికి ముప్పు మంచు కప్పు లేని గడ్డ చలి. 2012 ఫిబ్రవరిలో తూర్పు ఫ్రాన్స్, జర్మనీలలో పైన మంచు దుప్పటి లేకుండానే ఉష్ణోగ్రతలు బాగా పడిపోయి చాలా పొలాలు చచ్చిపోయాయి. రైతులు మళ్లీ దున్ని వసంతకాలపు విత్తనం వేసుకోవాల్సి వచ్చింది.

రెండు వరుసలు, ఆరు వరుసలు అంటే?

కంకి మీద గింజల అమరిక. రెండు వరుసల కంకిలో గింజలు తక్కువ, కానీ అన్నీ ఒకే సైజులో బొద్దుగా ఉంటాయి. ఆరు వరుసల కంకిలో పక్క గింజలకు చోటు చాలక కొన్ని వంకరగా, సన్నగా ఉంటాయి. అందుకే మాల్ట్‌కు సాధారణంగా రెండు వరుసలదే. దీనికి ఫ్రాన్స్ పెద్ద మినహాయింపు. ఎటెన్సెల్, ఫారో లాంటి ఆరు వరుసల శీతాకాలపు రకాలను అక్కడి కర్మాగారాలు మాల్ట్ కోసమే కొంటాయి.

విత్తనం ఎంత వేయాలి?

బస్తాల లెక్కన చెప్పే జవాబు నమ్మకండి. వెయ్యి గింజల బరువు ఏడాదికేడాది, లాటుకు లాటు మారుతుంది. లెక్క ఇది: చదరపు మీటరుకు కావలసిన మొక్కల సంఖ్యను వెయ్యి గింజల బరువుతో (గ్రాముల్లో) గుణించి, మొలిచి నిలబడే శాతంతో భాగిస్తే హెక్టారుకు కిలోలు వస్తాయి. 300 మొక్కలు, 48 గ్రాములు, 85 శాతం అనుకుంటే 300 × 48 ÷ 85 = సుమారు 169 కిలోలు. ఎకరాకైతే 68 కిలోలు.

వసంతకాలపు బార్లీకి 300 మొక్కలు మామూలు లక్ష్యం. చలి నేలలో ఆలస్యంగా విత్తితే పెంచాలి. శీతాకాలపు రకం పిలకలు వేయడానికి సమయం ఉంటుంది కాబట్టి తగ్గించొచ్చు. లోతు 3–4 సెంటీమీటర్లు చాలు.

ఇక్కడ బార్లీ స్వభావం ఒకటి గుర్తుంచుకోవాలి. రెండు వరుసల కంకిలో గింజల సంఖ్య పెద్దగా పెరగదు. గోధుమలో పిలకలు తగ్గినా కంకి పెద్దదై కొంత పూడ్చుకుంటుంది. బార్లీకి ఆ వెసులుబాటు తక్కువ. చదరపు మీటరుకు 800 నుంచి 1,000 కంకులు నిలిస్తేనే మంచి దిగుబడి. అందుకే మొదటి ఆరు వారాల్లో గట్టిపడిన నేల, నీరు నిలవడం, మాంగనీసు లోపం లాంటివి చేసిన నష్టాన్ని తర్వాత ఏ ఎరువూ సరిచేయలేదు. నేల ఆమ్లంగా ఉన్నా ఇదే గతి. పీహెచ్ 6.5 దగ్గర ఉండాలి, 5.5 కి దిగితే పొలంలో పసుపు మచ్చలుగా కనిపిస్తుంది.

నత్రజని ఎప్పుడు, ఎంత?

బార్లీలో డబ్బు వచ్చేదీ పోయేదీ ఇక్కడే. దాణా కోసం వేసే శీతాకాలపు పంటకు హెక్టారుకు 150–190 కిలోల నత్రజని ఇస్తారు. మాల్ట్ కోసం వేసే వసంతకాలపు పంటకు 100–150 కిలోలు, నేల స్వభావం, ముందు పంటను బట్టి. పరిమాణం కంటే సమయం ముఖ్యం. మాల్ట్ పంటకు మొత్తం ఎరువు విత్తేటప్పటి నుంచి పిలకల తొలి దశ లోపే పడిపోవాలి. కాడ సాగడం మొదలయ్యాక వేసిన నత్రజని దిగుబడికి కొంతే ఉపయోగపడి, మిగతాది గింజలో ప్రోటీన్‌గా చేరుతుంది.

అన్నీ సరిగ్గా చేసినా వాన మోసం చేయొచ్చు. గింజ పాలు పోసుకునే వేళ ఎండ ముదిరి నీరందకపోతే గింజలో పిండి పదార్థం నిండదు. అప్పటికే చేరిన ప్రోటీన్ వాటా పెరుగుతుంది. 2018 కరువులో డెన్మార్క్, స్వీడన్, ఉత్తర జర్మనీలలో ఇదే జరిగింది. పంటా తగ్గింది, మిగిలిన గింజలోనూ ప్రోటీన్ ఎక్కువ. వానలు బాగా కురిసి దిగుబడి ఎక్కువైన ఏడాదిలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, ప్రోటీన్ మరీ తగ్గిపోతుంది.

పశువుల ఎరువు వాడేవారు యూరోపియన్ యూనియన్ 1991 నాటి నైట్రేట్ల ఆదేశం చూసుకోవాలి. కాలుష్య ప్రమాదం ఉన్నట్టు గుర్తించిన ప్రాంతాల్లో పశువుల ఎరువు ద్వారా హెక్టారుకు ఏడాదికి 170 కిలోల నత్రజని మించకూడదు.

ఏ తెగుళ్లు ఎక్కువ నష్టం చేస్తాయి?

ప్రాంతాన్ని బట్టి. తేమగా, చల్లగా ఉండే పశ్చిమ తీరంలో ఆకు మీద బూడిద రంగు కాలిన మచ్చలు చేసే రింకోస్పోరియం. ఫ్రాన్స్ నడిబొడ్డున వలలాంటి గోధుమ రంగు మచ్చల తెగులు. వేసవిలో తుప్పు తెగులు. బూడిద తెగులు ఒకప్పుడు పెద్ద శత్రువు. ఎమ్‌ఎల్‌ఓ అనే నిరోధక జన్యువు ఉన్న వసంతకాలపు రకాలు వచ్చాక దాని బెడద బాగా తగ్గింది.

ఇప్పుడు తలనొప్పి రాములేరియా. కంకి బయటపడ్డాక, ఎండ తగిలిన పై ఆకుల మీద చిన్న చిన్న చదరపు మచ్చలుగా కనబడి రోజుల్లోనే ఆకును ఎండబెడుతుంది. స్ట్రోబిలురిన్ మందులకు ఇది లొంగదు. దీనిమీద నమ్మకంగా పనిచేసిన క్లోరోథలోనిల్‌కు యూనియన్ 2019లో అనుమతి తీసేసింది. పొట్ట దశలో మందు కొట్టాలి. మచ్చలు కనబడ్డాక కొడితే డబ్బు దండగ.

వైరస్‌లలో పసుపు మరుగుజ్జు తెగులును పేనుబంక మోసుకొస్తుంది. 2018లో మూడు నియోనికోటినాయిడ్ మందులను ఆరుబయట పంటల్లో నిషేధించాక విత్తనశుద్ధితో దాన్ని ఆపే దారి మూసుకుపోయింది. శరదృతువు వెచ్చగా ఉంటే అక్టోబరు మొదటి వారం దాటాక విత్తడం, గాలిదుమారం లేని రోజుల్లో ఆకుల మీద పేనుబంకను లెక్కబెట్టడం, నిరోధక రకం ఎంచుకోవడం మిగిలాయి. నేలలోంచి వచ్చే మొజాయిక్ వైరస్‌కు మందే లేదు. ఒకసారి పొలంలో చేరితే నిరోధక రకాలు తప్ప గతి లేదు.

పంట పడిపోకుండా ఏం చేయాలి?

మొదటిది నత్రజని తగ్గించుకోవడం. తర్వాత పొట్టి కాడ రకం, మరీ ఒత్తుగా విత్తకపోవడం, అవసరమైతే కాడ ఎదుగుదలను తగ్గించే మందులు: కాడ సాగే దశలో ట్రినెక్సపాక్, ఇంకా ఆలస్యమైతే ఎథెఫాన్. కరువు సోకిన పంట మీద మాత్రం ఇవి కొట్టొద్దు, దిగుబడి పడిపోతుంది. పండిన తర్వాత కాడ మధ్యలో విరిగి కంకి వేలాడటం వేరే సంగతి. ఉత్తరాన గాలివానల్లో ఎక్కువ. దానికి ఒకటే వైద్యం, కోత ఆలస్యం చేయకపోవడం.

కోతలో మాల్ట్ బార్లీ ఎలా పాడవుతుంది?

మూడు రకాలుగా. కోత యంత్రం డ్రమ్ము వేగం ఎక్కువైతే గింజ పొట్టు ఊడిపోతుంది, లేదా మొలక భాగం పగులుతుంది. పొట్టు లేని గింజ నీళ్లలో వేసినప్పుడు తొందరగా నీరు పీల్చి మిగతావాటితో కలిసి మొలవదు. దాణా బార్లీకి సరిపోయిన వేగాన్ని మాల్ట్‌కు తగ్గించుకోవాలి. ప్రతి పూటా ఒక దోసెడు గింజలు తీసి చూసుకోవాలి. మధ్యాహ్నం ఎండకు గింజ ఎండి పెళుసైతే ఉదయం పెట్టిన సెట్టింగు పనికిరాదు.

రెండోది, కోతకు ముందు వానకు కంకిలోనే మొలకెత్తడం. పైకి కనబడకపోయినా లోపల ఎంజైములు లేచిపోయి ఉంటాయి. అలాంటి లాటు వెంటనే వాడుకుంటే ఫర్వాలేదు, ఆరునెలలు నిల్వ ఉంచితే మొలక శాతం కూలిపోతుంది.

మూడోది కల్తీ. అంటే యంత్రంలో, ట్రాలీలో పక్క పొలం గోధుమో వేరే రకం బార్లీయో మిగిలి ఉండటం. కోతకు ముందు పచ్చగా ఉన్న పంటను ఎండబెట్టడానికి గ్లైఫోసేట్ కొట్టడాన్ని మాల్ట్ కొనుగోలుదారులు చాలామంది ఒప్పందంలోనే కాదంటారు.

ఎంత వేడితో ఆరబెట్టాలి? నిల్వ ఎలా?

దాణా అయితే వేడి గురించి అంత భయం లేదు. మాల్ట్ గింజ బతికుండాలి. తేమ 24 శాతం లోపు ఉంటే గాలి వేడి 49 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. అంతకంటే తడిగా ఉంటే 43 డిగ్రీలు. తడి గింజే వేడికి త్వరగా చస్తుంది, ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు.

ఆరాక బరువు తగ్గుతుంది. 18 శాతం తేమతో వచ్చిన 100 టన్నులను 14.5కు దింపితే మిగిలేది 100 × 82 ÷ 85.5, అంటే 95.9 టన్నులు. నాలుగు టన్నులు ఎటు పోయాయని గోదాము వాడితో గొడవ పడే ముందు ఈ లెక్క వేసుకోండి.

కొద్ది వారాలకైతే 14.5 శాతం తేమ సరిపోతుంది. వేసవి దాకా ఉంచాలంటే 12కు దించాలి. ఆరబెట్టిన వెంటనే చల్లార్చాలి, రాత్రి గాలి పంపి ముందు 15 డిగ్రీలకు, చలికాలంలో 5 డిగ్రీలకు తేవాలి. వేడి గుట్టలో పురుగు పడుతుంది. ఒక్క బతికున్న పురుగు కనబడినా లారీ వెనక్కి వెళ్తుంది.

మాల్ట్ కర్మాగారం ఏం చూసి తీసుకుంటుంది?

ఒప్పందాన్ని బట్టి అంకెలు మారతాయి. మామూలుగా కనిపించేవి ఇవి. ప్రోటీన్ 9.5 నుంచి 11.5 శాతం. మొలక శాతం కనీసం 95, చాలాచోట్ల 98. తేమ 14.5 లోపు. 2.5 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచే గింజలు 90 శాతం. ఒకే రకం విత్తనం, బూజు వాసన లేకపోవడం, పురుగు లేకపోవడం.

బ్రిటన్‌లో ప్రోటీన్ అనరు, నత్రజని శాతం అంటారు. 6.25తో గుణిస్తే ప్రోటీన్ వస్తుంది. స్కాచ్ డిస్టిలరీలకు 1.65 లోపు, అంటే 10.3 శాతం ప్రోటీన్. ఎగుమతి లాగర్ బీరుకు 1.85 దాకా ఒప్పుకుంటారు. ఈ కొలతకు పునాది పడింది కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. జొహాన్ జెల్డాల్ 1883లో బార్లీ, మాల్ట్ పరీక్షల కోసమే నత్రజని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు గేటు దగ్గర పరారుణ కాంతి యంత్రం నిమిషంలో చెప్పేస్తుంది, కానీ తగువు వస్తే తీర్పు రసాయన పరీక్షదే.

ప్రోటీన్ ఎక్కువైతే పిండి పదార్థం తగ్గి బీరు రాబడి తగ్గుతుంది, బీరు మసకబారుతుంది. మరీ తక్కువైతే ఈస్టుకు తిండి చాలదు, నురగ నిలవదు.

ఫ్యూజేరియం బూజు విషం డీఓఎన్‌కు చట్టబద్ధ పరిమితి ఉంది. శుద్ధి చేయని బార్లీలో కిలోకు 1,250 మైక్రోగ్రాములుగా ఉన్న దాన్ని యూనియన్ 2024 జులై నుంచి 1,000కి తగ్గించింది. ఈ బూజు సోకిన బార్లీతో చేసిన బీరు సీసా తెరవగానే పొంగిపోతుంది కూడా.

గింజ మొలుస్తుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. మూత ఉన్న గాజు పళ్లెంలో రెండు వడపోత కాగితాలు పరిచి, 4 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, 100 గింజలు పేర్చండి. 20 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి, ప్రతి 24 గంటలకు మొలిచినవి తీసేస్తూ లెక్కపెట్టండి. పక్కనే ఇంకో పళ్లెంలో 8 మిల్లీలీటర్లు పోసి అదే పని చేయండి. 4లో బాగా మొలిచి 8లో తక్కువైతే ఆ లాటు ఎక్కువ నీటికి తట్టుకోదు. కర్మాగారం నానబెట్టే పద్ధతి మార్చుకోవాల్సి ఉంటుంది.

కోసిన వెంటనే ఈ పరీక్ష చేస్తే మంచి గింజ కూడా మొలవకపోవచ్చు. అది చచ్చిపోలేదు, నిద్రలో ఉంది. చల్లని వానాకాలంలో పండిన పంటకు నిద్ర ఎక్కువ, స్కాట్లండ్‌లో వారాల కొద్దీ ఉంటుంది. బతికుందో లేదో తేల్చాలంటే గింజను నిలువునా చీల్చి టెట్రజోలియం ద్రావణంలో ఉంచాలి. బతికున్న మొలక భాగం కొద్ది గంటల్లో ఎర్రబడుతుంది. నిద్రను చచ్చిన గింజగా లెక్కగట్టి సరుకు వెనక్కి పంపడం, లేదా అలా పంపితే నోరు మూసుకోవడం, రెండూ డబ్బు పోగొట్టే పనులే.

బార్లీ మాల్ట్‌గా ఎలా మారుతుంది?

నీళ్లలో నానబెట్టి తేమను 43–46 శాతానికి తెస్తారు. మధ్యమధ్య నీళ్లు తీసి గాలి పట్టిస్తారు. తర్వాత 14–18 డిగ్రీల చల్లని గాలిలో నాలుగైదు రోజులు మొలకెత్తిస్తూ తిరగేస్తారు. చివర బట్టీలో మెల్లగా 80–85 డిగ్రీల దాకా వేడి చేసి ఆపేస్తారు. టన్ను మాల్ట్‌కు సుమారు 1.25 టన్నుల బార్లీ కావాలి. రైతు సరుకు ధర, మాల్ట్ ధర పోల్చేటప్పుడు ఈ నిష్పత్తి మరచిపోతే లెక్క తప్పుతుంది.

ఏ రకం వేయాలో ఎవరు నిర్ణయిస్తారు?

రైతు కాదు, కొనేవాడు. బ్రిటన్‌లో మాల్టింగ్ బార్లీ కమిటీ ఆమోద జాబితా, ఫ్రాన్స్‌లో మాల్ట్ తయారీదార్ల ప్రాధాన్య జాబితా, జర్మనీలో బెర్లిన్ కార్యక్రమం అనే పరీక్షా విధానం. జాబితాలో లేని రకం ఎంత బాగా పండినా దాణా ధరే. ప్లానెట్ రకం చాలా ఏళ్లు ఖండమంతా పాకింది. దాన్ని బీరుకే ఆమోదించారు. లారియేట్‌కు బీరు, విస్కీ రెండింటికీ ఆమోదం ఉంది.

స్కాట్లండ్‌లో ఇంకో షరతు. మొలకలో గ్లైకోసైడిక్ నైట్రైల్ తయారుచేయని రకమే కావాలి. ఆ పదార్థం విస్కీ కాచే రాగి బట్టీలో విరిగి ఇథైల్ కార్బమేట్‌కు దారితీస్తుంది, అది క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉంది. ఆ షరతు వల్లే ఇంగ్లండ్‌లో బాగా అమ్ముడుపోయే కొన్ని రకాలు స్కాట్లండ్‌లో కాణీకి కొరగావు.

1960ల నాటి మారిస్ ఆటర్ ఇంకా ఇంగ్లండ్‌లో పండుతోంది. దిగుబడి నేటి రకాల కంటే చాలా తక్కువ, సంప్రదాయ ఏల్ రకం బీరు తయారీదార్లు ఎక్కువ ధర ఇచ్చి ఒప్పందం మీద వేయిస్తారు.

ధర ఎలా నిర్ణయమవుతుంది?

దాణా బార్లీ ధర గోధుమ నీడలో నడుస్తుంది. పారిస్ గోధుమ ఫ్యూచర్స్ ధర చూసి, అందులోంచి కొంత తగ్గించి చెప్తారు. రెండింటి మధ్య తేడా మరీ పెరిగితే దాణా మిల్లులు గోధుమ మానేసి బార్లీ వైపు తిరుగుతాయి, తేడా మళ్లీ తగ్గుతుంది. ఫ్రాన్స్‌లో దాణా బార్లీని రువాన్ రేవుకు చేర్చిన ధరగా, మాల్ట్ బార్లీని వాజ్ నది మీద క్రెయ్‌లో పడవకెక్కించిన ధరగా చెప్పడం అలవాటు. మాల్ట్ అదనపు ధరను పెంచేవీ తగ్గించేవీ వేరు: ఆ ఏడాది ఎంత సరుకు ప్రమాణాలకు నిలిచింది, బీరు అమ్మకాలు ఎలా ఉన్నాయి అన్నవి.

మాల్ట్ అదనపు ధర వస్తోంది కదా, అదే వేయడం లాభం కాదా?

ఒక ఉదాహరణ లెక్క వేసి చూడండి. దాణా ధర టన్నుకు 180 యూరోలు, మాల్ట్‌కు 35 అదనం అనుకుందాం. వసంతకాలపు మాల్ట్ పంట హెక్టారుకు 6.5 టన్నులు: 6.5 × 215 = 1,397.5 యూరోలు. శీతాకాలపు దాణా పంట 8.5 టన్నులు: 8.5 × 180 = 1,530. మాల్ట్ పంటకు ఎరువు, మందు ఖర్చు తక్కువ కాబట్టి రెండూ ఇంచుమించు సమానంగా నిలుస్తాయి. అదే మాల్ట్ లారీ గేటు దగ్గర తిరస్కరణకు గురైతే 6.5 × 180 = 1,170. దానికి తోడు సరుకును దాణా మిల్లుకు మళ్లించిన కిరాయి.

కాబట్టి ఆ 35 యూరోలను లాభమనుకోకండి, నష్టభయానికి కట్టిన ధర అనుకోండి. తేలిక నేల, కుదురైన వాన, దగ్గర్లో మాల్ట్ కర్మాగారం, విడిగా నిల్వ చేసే గోదాము ఉన్నవాడికి అది మిగులుతుంది. ఫ్రాన్స్‌లో షాంపేన్ సుద్ద నేలలు, ఇంగ్లండ్‌లో నార్ఫోక్, స్కాట్లండ్ తూర్పు తీరం అలాంటివి. బరువైన బంకనేలలో నత్రజని ఎప్పుడు వదులుతుందో తెలియని చోట దాణా రకమే తెలివైన పని.

ఒప్పందంలో ఒక సంగతి చదవండి. ప్రోటీన్ కొద్దిగా దాటితే ధర తగ్గించి తీసుకుంటారా, మొత్తం తిరస్కరిస్తారా? 11.6 దగ్గర ఒక యూరో తగ్గింపుకూ మొత్తం తిరస్కరణకూ మధ్య రైతు ఏడాది ఆదాయం ఉంటుంది.

యూరప్ బార్లీ ఎవరు కొంటారు?

దాణాకు చాలాకాలం సౌదీ అరేబియా ప్రపంచంలోనే పెద్ద కొనుగోలుదారు, గొర్రెలకూ ఒంటెలకూ. ఇరాన్, ఉత్తర ఆఫ్రికా దేశాలు కూడా. తర్వాత చైనా ముందుకొచ్చింది. 2020 మేలో చైనా ఆస్ట్రేలియా బార్లీ మీద 80.5 శాతం సుంకాలు వేసింది. ఆ ఖాళీలోకి ఫ్రాన్స్ పెద్ద ఎత్తున వెళ్లింది. 2023 ఆగస్టులో సుంకాలు ఎత్తేయగానే ఆస్ట్రేలియా తిరిగొచ్చింది. రువాన్, లా పలీస్ రేవుల్లో చైనా ఓడల మీదే ఆశపెట్టుకున్నవారికి అది గట్టి దెబ్బ.

నల్లసముద్రం సరుకు ధరల్ని ఎంతవరకు కదిలిస్తుంది?

చాలా. రష్యా, ఉక్రెయిన్‌ల దాణా బార్లీ మధ్యప్రాచ్యానికి దగ్గర, చౌక. 2010 కరువులో రష్యా ఆగస్టు 15 నుంచి ధాన్యం ఎగుమతిని నిషేధించింది, యూరప్ ధరలు ఎగిరాయి. 2021 జూన్ నుంచి గోధుమ, బార్లీ, మొక్కజొన్నల మీద ధరను బట్టి మారే ఎగుమతి సుంకం వేస్తోంది. ఉక్రెయిన్ రేవులు 2022 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. 2022 జులైలో కుదిరిన ఇస్తాంబుల్ ఒప్పందంతో ఆ ఆగస్టు నుంచి 2023 జులై 17 వరకు ఓడలు కదిలాయి. అది ఆగాక డాన్యూబ్ మీది ఇజ్మాయిల్, రేని రేవులు, రొమేనియాలోని కాన్‌స్టాంటా మీద భారం పెరిగింది. తర్వాత ఉక్రెయిన్ తీరం వెంబడి తన సొంత ఓడల దారి తెరుచుకుంది. రష్యా, బెలారస్ ధాన్యం యూనియన్‌లోకి రాకుండా 2024 జులై 1 నుంచి టన్నుకు 95 యూరోల సుంకం ఉంది.

స్పెయిన్‌కు అంత విస్తీర్ణం ఉండి కూడా దిగుమతి ఎందుకు?

కాస్తీయ లియోన్, కాస్తీయ లామంచ, ఆరగాన్ పీఠభూముల్లో వానే ఆధారం. సగటు దిగుబడి హెక్టారుకు రెండున్నర, మూడు టన్నులు. 2023లో వసంత వాన ముఖం చాటేయడంతో పంట ముందటేడాది కంటే దాదాపు సగానికి పడింది. ఇక పందుల పెంపకం ఎంత పెద్దదంటే మంచి ఏడాదిలో కూడా దాణా ధాన్యం బయటినుంచి రావాల్సిందే.

నదుల్లో నీరు తగ్గితే బార్లీకి ఏమవుతుంది?

తూర్పు ఫ్రాన్స్ మాల్ట్ బార్లీ మోజెల్, రైన్ నదుల మీద పడవల్లో బెల్జియం, నెదర్లాండ్స్ కర్మాగారాలకు వెళ్తుంది. రైన్ మీద కౌబ్ దగ్గర లోతు తక్కువ. 2018, 2022లలో నీరు తగ్గి పడవలు సగం కంటే తక్కువ సరుకుతో నడిచాయి. కిరాయి పెరిగింది. పడవకెక్కించిన ధర మీద అమ్మినవాడికి ఆ భారం లేదు, చేర్చి ఇస్తానన్నవాడికి ఉంది.

రైతుకు మద్దతు ధర ఉందా?

పేరుకు ఉంది. యూనియన్ ధాన్యాలకు పెట్టిన ఆధార ధర టన్నుకు 101.31 యూరోలు. మార్కెట్ దానికి చాలా పైన ఉండటంతో ఎవరూ అటు చూడరు. భారత్‌లో 2025–26 రబీ మార్కెటింగ్ సీజన్‌కు బార్లీ మద్దతు ధర క్వింటాకు 1,980 రూపాయలుగా ఉండేది.

ఇంట్లో బార్లీ నీళ్లకు వాడేది ఇదేనా?

గింజ అదే, కాకపోతే పొట్టు, పై పొర సానబట్టి తీసేసినది. అది మొలవదు, మాల్ట్ కాదు. గ్లూటెన్ పడనివారికి ఏ రూపంలోనూ పనికిరాదు.

తెలుగు రాష్ట్రాల్లో పండించలేమా?

మొలుస్తుంది, కంకీ వేస్తుంది, కానీ గింజ నిండే కాలానికి ఎండ వచ్చేస్తుంది. గింజ సన్నగా, తాలుగా ఉండి ప్రోటీన్ ఎక్కువవుతుంది. భారత్‌లో దీని సొంత చోటు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానాల చలికాలం. సంగారెడ్డి చుట్టుపక్కల బ్రూవరీలకు మాల్ట్ ఉత్తరాది కర్మాగారాల నుంచే వస్తుంది.

సరుకు నాణ్యత మీద తగువు వస్తే ఏది చెల్లుతుంది?

నమూనా. అందుకే లారీ నింపేటప్పుడే ఒకే చోట దోసెడు తీయకుండా, లోతుకు దిగే గొట్టంతో అనేక చోట్ల తీసి కలిపి, ఇరుపక్షాల సీలు వేసి మూడు భాగాలు చేయాలి. ఒకటి అమ్మేవాడికి, ఒకటి కొనేవాడికి, మూడోది తగువు వస్తే ప్రయోగశాలకు. ఓడ సరుకైతే గాఫ్టా (అంతర్జాతీయ ధాన్యం, దాణా వ్యాపారుల సంఘం) నిబంధనలు, ఫ్రాన్స్ లోపలి వ్యాపారంలో ఇన్‌కోగ్రెయిన్ అనే ప్రామాణిక ఒప్పంద నిబంధనలు వర్తిస్తాయని ఒప్పందంలో రాసి ఉంటుంది. ఫిర్యాదుకు ఇచ్చిన గడువు రోజుల్లోనే ఉంటుంది. సరుకు దింపిన వారానికి బూజు వాసన వచ్చిందని ఫోన్ చేస్తే సాధారణంగా ఎవరూ వినరు. నమూనా సంచిని వేడి లారీ క్యాబిన్లో పడేయకండి. అందులోని గింజ చచ్చిపోతే మొలక పరీక్షలో మీ సరుకే ఓడిపోతుంది.